ఎక్స్‌ని విప్పడం ఎలా: సమీకరణాల నుంచి సైన్, కొసైన్ దాకా

సాయంత్రం ఆరు దాటాక పర్లాకిమిడిలో మా అరుగు మీద పదకొండు మంది పిల్లలు చేరతారు. బళ్ళో చదువు ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో. నేను చెప్పే లెక్క ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. బళ్ళో ‘ద్విఘాత సమీకరణ’ అని రాసుకొచ్చింది మా అరుగు మీద వర్గ సమీకరణం అవుతుంది. బీజగణితం, త్రికోణమితి, సమీకరణం అన్న మాటలు మాత్రం అటూ ఇటూ ఒకటే కాబట్టి పెద్ద చిక్కు లేదు.

చిక్కు వేరే చోట ఉంది. వాళ్ల పుస్తకాల్లో బీజగణితం ఒకటి, జ్యామితి ఒకటి. త్రికోణమితి జ్యామితి పుస్తకంలో ఉంటుంది. దాంతో ‘సైన్’ అనే మాట కనపడగానే పిల్లలు అంతవరకూ నేర్చుకున్న బీజగణితాన్ని గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలేసి వస్తారు. నిజానికి మొదటి స్థాయి త్రికోణమితి సమీకరణం అంటే బీజగణిత సమీకరణమే, చివర్లో ఒక మెట్టు ఎక్కువ. అందుకే ఈ రెంటినీ ఒకే వరసలో చెప్తున్నాను. పెన్సిల్, కాగితం దగ్గర పెట్టుకుని చదవండి. ఊరికే చదివితే అంతా అర్థమైనట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో ఒక్కటీ రాదు.

ముందుగా ఒక మాట. బళ్ళో ఎక్స్ అనే చోట నేను ‘య’ అని రాస్తాను. ఇది నా పైత్యం కాదు. మన పాత గణితవేత్తలు తెలియని సంఖ్యని ‘యావత్-తావత్’, అంటే ‘ఎంతో అంత’ అనేవారు. పొట్టిగా ‘యా’ అని రాసుకునేవారు. రెండో తెలియని సంఖ్య ఉంటే కాలక, మూడోదానికి నీలక, ఇలా రంగుల పేర్లు పెట్టేవారు. మీ నోటుబుక్‌లో మాత్రం ఎక్స్ అనే రాయండి, దిద్దే మాస్టారుకి అదే అలవాటు.

మొదటి మెట్టు: చివర జరిగింది ముందు వెనక్కి

ఒకాయన మూడు బస్తాల జీడిపిక్కలు అమ్మాడు. బండి కిరాయి 600 రూపాయలు పోగా చేతికి 47,400 వచ్చింది. బస్తా ఎంతకి పోయింది?

3య − 600 = 47,400

దీన్ని కాగితం లేకుండా ఆయన ఎలా లెక్కేస్తాడో చూడండి. ముందు కిరాయి కలుపుకుంటాడు: 48,000. తర్వాత మూడుతో భాగిస్తాడు: 16,000. ఎందుకా వరస? ‘య’కి జరిగినవి రెండు పనులు. మొదట మూడింతలయింది, తర్వాత 600 పోయింది. విప్పేటప్పుడు చివరి పనిని ముందు విప్పాలి. మూట కట్టినప్పుడు చివర వేసిన ముడే ముందు విప్పుతాం కదా.

కాబట్టి ఏ సమీకరణం వచ్చినా పెన్ను కదిలించే ముందు ఇదొక్కటి అడగండి: ‘య’కి ఏమేం జరిగింది, ఏ వరసలో? ఆ జాబితాని కింది నుంచి పైకి చదివితే అదే సాధన. కలిపినదానికి తీసివేత, గుణించినదానికి భాగహారం, వర్గం చేసినదానికి వర్గమూలం. ఏం చేసినా రెండు పక్కలా చేయాలి.

ఇక్కడే ‘అటు పక్కకి వెళ్తే గుర్తు మారుతుంది’ అనే సూత్రం గురించి నా గోడు చెప్పుకోవాలి. పుస్తకాల తెలుగులో ‘పక్షాంతరం చేయగా’ అంటారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇక్కడ కూర్చుని ఆ మాట వాడాలంటే నాకు నోరు రాదు. భాష సంగతి అటుంచినా ఆ సూత్రం పిల్లల చేత తప్పులు చేయిస్తుంది. య + 7 = 22లో 7 అవతలికెళ్ళి −7 అయిందంటే సరే. 3య = 22లో 3 కూడా అవతలికెళ్ళి −3 అయిపోతుంది! ప్రతి ఏడూ ఒకరిద్దరు ఇలా రాస్తారు. ఒక గుంటడు నన్ను అడిగాడు: “ఇటున్న ఏడు అటెలా ఎల్లిపోనాది మాస్టారూ? ఎవులు మోసుకెల్లినారు?” మంచి ప్రశ్న. ఎవరూ మోసుకెళ్ళలేదు. రెండు పక్కలా 7 తీసేశాం. ఇటు ఏడూ ఏడూ కొట్టుకుపోయాయి, అటు −7 మిగిలింది. రోజూ ఇలా పూర్తిగా రాయక్కర్లేదు, మనసులో మాత్రం ఇలాగే అనుకోండి.

బ్రాకెట్లు, భిన్నాలు: మైనస్ పొంచి ఉండే చోటు

నేను చూసే తప్పుల్లో సగం ఈ ఒక్క చోటే. ఈ లెక్క చేయండి:

(య − 1)/2 − (య − 3)/5 = 4

2, 5ల క.సా.గు 10. ప్రతి ముక్కనీ 10తో గుణించండి. అటు ఉన్న 4ని మర్చిపోవద్దు.

5(య − 1) − 2(య − 3) = 40

ఇప్పుడు బ్రాకెట్లు విప్పాలి. −2తో −3ని గుణిస్తే +6. చాలామంది −6 రాసేస్తారు. భిన్నం గీత కనపడని బ్రాకెట్. దాని ముందు మైనస్ ఉంటే లవంలోని ప్రతి పదానికీ ఆ మైనస్ తగులుతుంది.

5య − 5 − 2య + 6 = 40
3య + 1 = 40
య = 13

సరిచూడండి: 12/2 − 10/5 = 6 − 2 = 4. వచ్చింది. అదే +6కి బదులు −6 రాసి ఉంటే య = 17 వచ్చేది. దాన్ని పెట్టి చూస్తే 8 − 2.8 = 5.2. తప్పని అక్కడికక్కడే దొరికిపోతుంది. సరిచూడటానికి పట్టేది అర నిమిషం. జవాబు కింద ‘సరిచూడగా’ అని ఒక లైను రాస్తే దిద్దేవాళ్ళ ముందు పరువూ నిలబడుతుంది.

రెండు తెలియని సంఖ్యలుంటే రెండు సమీకరణాలు కావాలి. ఒకదాన్ని పోగొట్టి రెండోదాన్ని పట్టుకోవడమే పని. పద్ధతులు పుస్తకంలో ఉన్నాయి, వాటి మీద ఎక్కువ ఆగను. కానీ గుణకాలు తిరగేసి ఉంటే ఒక చిన్న కిటుకుంది. మూడు నోటుబుక్కులు, రెండు పెన్నులు 130 రూపాయలు. రెండు నోటుబుక్కులు, మూడు పెన్నులు 95. రెంటినీ కలపండి: అయిదు నోటుబుక్కులు, అయిదు పెన్నులు 225, అంటే ఒకటీ ఒకటీ కలిపి 45. మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి: నోటుబుక్కు, పెన్నుల మధ్య తేడా 35. ఇక నోటుబుక్కు 40, పెన్ను 5 అని నోటితోనే చెప్పేయొచ్చు.

వర్గం వచ్చినప్పుడు

‘య’ ఒకే లెక్కలో య²గానూ యగానూ కనిపిస్తే పైన చెప్పిన విప్పుడు నేరుగా పనిచేయదు, ఎందుకంటే ముడులు రెండు చోట్ల ఉన్నాయి. అప్పుడు అన్నిటినీ ఒక పక్కకి తెచ్చి, రెండో పక్క సున్నా ఉంచి, కారణాంకాలుగా విడదీస్తాం. ఈ సున్నా ఎందుకో తెలియకుండానే చాలామంది పది పాసైపోతారు. రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే వాటిలో ఒకటి సున్నా అయి తీరాలి. ఈ గుణం సున్నాకి తప్ప ఇంకే సంఖ్యకీ లేదు.

(య − 1)(య − 4) = 10

దీన్ని చూసి య − 1 = 10, లేదా య − 4 = 10 అని రాసి 11, 14 అని చెప్పేవాళ్ళున్నారు. లబ్ధం పది కావడానికి వాటిలో ఒకటి పదే కానక్కర్లేదు. రెండూ అయిదూ కావచ్చు, అరా ఇరవయ్యీ కావచ్చు. బ్రాకెట్లు విప్పి 10ని ఇటు తెస్తే:

య² − 5య − 6 = 0
(య − 6)(య + 1) = 0

య = 6, లేదా య = −1. ఆరు పెడితే 5 × 2 = 10. మైనస్ ఒకటి పెడితే (−2) × (−5) = 10. రెండూ సరే.

కారణాంకాలు తట్టకపోతే సూత్రం ఉంది. అందరూ దాన్ని బట్టీ పడతారు. నేను ముందు శ్రీధరాచార్యుడి పద్ధతి నేర్పుతాను. ఆయన రాసిన బీజగణితం మనకి దక్కలేదు. ఈ ఒక్క పద్ధతిని మాత్రం తర్వాత వచ్చిన భాస్కరాచార్యుడు ఆయన పేరు చెప్పి మరీ ఎత్తి రాశాడు. భిన్నాలు రాకుండా వర్గాన్ని పూర్తి చేయడం అందులోని సొగసు. ఈ లెక్క మీద చూద్దాం. దీన్ని గుర్తుంచుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

2య² + 5య − 3 = 0

స్థిరసంఖ్యని అవతల పెట్టండి: 2య² + 5య = 3.

య² గుణకానికి నాలుగు రెట్లతో, అంటే 8తో, రెండు పక్కలా గుణించండి: 16య² + 40య = 24.

య గుణకం వర్గాన్ని, అంటే 25ని, రెండు పక్కలా కలపండి: 16య² + 40య + 25 = 49.

ఎడమ పక్క ఇప్పుడు పూర్తి వర్గం: (4య + 5)² = 49.

చూశారా, రెండు చోట్ల ఉన్న ‘య’ ఒకే చోటికి చేరింది. ఇక మొదటి మెట్టులో లాగే విప్పొచ్చు. వర్గమూలం తీస్తే 4య + 5 = 7, లేదా 4య + 5 = −7. ఆ మైనస్ ఏడుని మర్చిపోతే సగం జవాబు పోయినట్టే. య = 1/2, లేదా య = −3.

కుడి పక్క తేలిన 49 ఉంది చూడండి, అదే విచక్షణి. అది ధనసంఖ్య అయితే మూలాలు రెండు, సున్నా అయితే రెండూ కలిసిపోయి ఒకటే, ఋణసంఖ్య అయితే వాస్తవ మూలాలు లేవు. ఏ వాస్తవ సంఖ్య వర్గమూ మైనస్ కాదు మరి.

పోయే మూలాలు, చొరబడే మూలాలు

ఇదొక్కటి అర్థమైతే త్రికోణమితిలో సగం తప్పులు రావు. కాస్త నింపాదిగా చదవండి.

య² = 5య. రెండు పక్కలా ‘య’తో కొట్టేస్తే య = 5. అయిపోయిందా? య = 0 కూడా జవాబే! అది ఎక్కడికి పోయింది? ‘య’తో భాగించినప్పుడు, అది సున్నా కాదని మనకి మనమే ఒప్పేసుకున్నాం. అందుకే తెలియని సంఖ్య ఉన్న దేనితోనూ కొట్టేయకండి. ఇటు తెచ్చి, ఉమ్మడిగా బయటికి తీయండి: య(య − 5) = 0. మూలాలు రెండూ దక్కుతాయి.

దీనికి తిరగబడిన తప్పు ఇంకోటుంది. అది నేనే చేశాను. కొన్నేళ్ళ కింద నల్లబల్ల మీద ఈ లెక్క వేశాను:

√(య + 7) = య − 5

వర్గం చేశాను: య + 7 = య² − 10య + 25. అంటే య² − 11య + 18 = 0. కారణాంకాలు (య − 9)(య − 2). జవాబు 9, 2 అని గట్టిగా చెప్పి, చేతికంటిన సుద్ద దులుపుకుంటున్నాను. వెనక వరసలో తొమ్మిదో తరగతి పిల్ల లేచింది. “మాస్టారూ, రెండు పెడితే ఇటు మూడొస్తంది, అటు మైనస్ మూడొస్తంది. సమానం ఎలగవుతాది?” అవ్వదు. √9 అంటే 3, 2 − 5 అంటే −3. ఆ రెండు ఎక్కడి నుంచో వచ్చి కూర్చుంది. సరిచూడమని రోజూ మొత్తుకునేవాణ్ణి నేనే, ఆ రోజు సరిచూడనిదీ నేనే.

3, −3 వేరువేరు సంఖ్యలు. రెంటినీ వర్గం చేస్తే రెండూ 9. అంటే వర్గం చేయగానే సమానం కానివి కూడా సమానంగా కనిపిస్తాయి. కాబట్టి రెండు పక్కలా వర్గం చేసిన ప్రతి లెక్కలోనూ జవాబుల్ని మొదటి సమీకరణంలో పెట్టి చూడటం తప్పనిసరి. మధ్యలో వచ్చిన సమీకరణంలో పెట్టి లాభం లేదు, దొంగ మూలం అక్కడ బాగానే కుదురుతుంది.

ఇక త్రికోణమితి: అల్లెతాడు, జెయింట్ వీల్

‘సైన్’ అన్న మాట మనదే, తిరిగి తిరిగి మన ఇంటికొచ్చింది. విల్లులో వంగిన బద్ద చాపం అయితే బిగించిన అల్లెతాడు ‘జ్యా’. ఆర్యభటుడు 499లో సగం జ్యాలకి పట్టిక ఇచ్చాడు. అరబ్బులు ఆ ‘జ్యా’ని ‘జీబా’ అని రాసుకున్నారు. అచ్చులు లేని ఆ రాతని తర్వాతివాళ్ళు ‘జైబ్’ అని చదివారు, అంటే బట్ట మడత. లాటిన్‌లోకి మార్చినవాళ్ళు మడతకి తమ మాట ‘సైనస్’ పెట్టారు. అలా అల్లెతాడు సైన్ అయింది.

లంబకోణ త్రిభుజంలో ఎదుటి భుజం బై కర్ణం సైన్, ఆసన్న భుజం బై కర్ణం కొసైన్, ఎదుటి భుజం బై ఆసన్న భుజం టాన్. ఇది మీకు వచ్చే ఉంటుంది. విలువలు గుర్తుండకపోతే 0°, 30°, 45°, 60°, 90°లకి వరసగా √0/2, √1/2, √2/2, √3/2, √4/2 అని రాయండి. అవే సైన్‌లు. వెనక నుంచి చదివితే కొసైన్‌లు.

సమీకరణం సాధించడానికి త్రిభుజం ఒక్కటే చాలదు. జాతరలో జెయింట్ వీల్ ఊహించుకోండి. ఇరుసు నుంచి తొట్టె దాకా పొడవు 1 అనుకుందాం. తొట్టె ఇరుసుకి సరిగ్గా కుడివైపున, అదే ఎత్తులో ఉన్నప్పుడు కోణం 0°. అక్కడి నుంచి పైకి తిరుగుతుంది. ఏ క్షణాన చూసినా తొట్టె ఇరుసు కన్నా ఎంత ఎత్తులో ఉందో అది సైన్. ఎంత పక్కకి ఉందో అది కొసైన్. ఇరుసు కిందికీ, ఎడమకీ పోతే మైనస్.

ఇప్పుడు సైన్ = 1/2 అంటే ఏమిటి? తొట్టె ఇరుసు కన్నా అర కొలత ఎత్తులో ఉంది. ఎక్కేటప్పుడు ఒకసారి, 30° దగ్గర. దిగేటప్పుడు ఇంకోసారి, 150° దగ్గర. చక్రం ఇంకో చుట్టు తిరిగితే మళ్ళీ రెండుసార్లు. త్రికోణమితి సమీకరణానికి అన్ని జవాబులు ఎందుకో, ‘0° నుంచి 360° లోపు’ అని ప్రశ్నలో ఎందుకు రాస్తారో ఇదే కారణం. అలా హద్దు ఇవ్వకపోతే ఒక్కో జవాబుకీ 360° × న కలపాలి (న ఏ పూర్ణసంఖ్యయినా సరే). ప్లస్ టూలో దీన్నే సాధారణ సాధన అంటారు.

పట్టిక నుంచి మొదటి కోణం దొరికాక రెండోది ఇలా పట్టండి. సైన్‌కి: 180° లోంచి తీసేయండి. కొసైన్‌కి: 360° లోంచి తీసేయండి. టాన్‌కి: 180° కలపండి. సైంటిఫిక్ కాలిక్యులేటర్ మీకు ఒక్క కోణమే చెప్తుంది, రెండోది మీ బాధ్యత. ఇంకో సంగతి: సైన్ 30 కొడితే 0.5 రావాలి. −0.988 వస్తే అది రేడియన్‌లో (కోణానికి ఇంకో కొలత) ఉంది, డిగ్రీకి మార్చండి.

సైన్‌ని ‘య’ అనుకోండి

ఇదుగో అసలు లెక్క, 0° నుంచి 360° లోపు. కోణాన్ని ‘కో’ అని రాస్తున్నాను.

2 కొసైన్² కో − 5 సైన్ కో + 1 = 0

మొదట: కొసైన్, సైన్ రెండూ ఉన్నాయి. ఒకటే ఉండేలా చేయాలి. కొసైన్² = 1 − సైన్². పెట్టండి:

2 − 2 సైన్² కో − 5 సైన్ కో + 1 = 0

సర్ది, గుర్తులు మార్చితే:

2 సైన్² కో + 5 సైన్ కో − 3 = 0

సైన్ కో ఉన్న చోటల్లా వేలు అడ్డం పెట్టి ‘య’ అని చదవండి. 2య² + 5య − 3 = 0. పాత మనిషే, వేషం మార్చుకుని వచ్చాడు! పైన చేసేశాం: య = 1/2, లేదా −3. బీజగణితం ఇక్కడితో అయిపోయింది.

మిగిలింది ఆ చివరి మెట్టు. సైన్ కో = −3? చక్రం వ్యాసార్ధమే 1, తొట్టె ఇరుసుకి మూడు కొలతల కిందికి ఎలా పోతుంది? సైన్, కొసైన్‌లు −1, 1 దాటవు. ఈ మూలాన్ని ‘సాధ్యం కాదు’ అని కారణం రాసి వదిలేయండి. కారణం రాయకుండా కొట్టేస్తే మార్కు పోతుంది. సైన్ కో = 1/2 నుంచి కో = 30°, 150°. సరిచూస్తే 30° దగ్గర: 2 × 3/4 − 5/2 + 1 = 0.

పోయే మూలాల సంగతి ఇక్కడా ఉంది. సైన్ 2కో = సైన్ కో. ఎడమ పక్క 2 సైన్ కో కొసైన్ కో. సైన్‌తో కొట్టేస్తే కొసైన్ కో = 1/2, జవాబు 60°, 300°. ఉమ్మడిగా బయటికి తీసి ఉంటే సైన్ కో (2 కొసైన్ కో − 1) = 0, అప్పుడు 0°, 180° కూడా దక్కేవి. కొట్టేసినవాళ్ళకి సగం జవాబులు పోయాయి.

చొరబడే మూలాలూ ఉన్నాయి. సైన్ కో + కొసైన్ కో = 1. వర్గం చేస్తే 1 + 2 సైన్ కో కొసైన్ కో = 1. అంటే సైన్ సున్నా, లేదా కొసైన్ సున్నా: 0°, 90°, 180°, 270°. పెట్టి చూడండి. 0°, 90° కుదురుతాయి. 180°, 270°ల దగ్గర మొత్తం −1. ఆ రెండూ దొంగలు.

సైన్ 2కో = 1/2 లాంటివి వస్తే తొందరపడి ముందే సగం చేయకండి. కో ఒక చుట్టు తిరిగితే 2కో రెండు చుట్లు తిరుగుతుంది. కాబట్టి 720° దాకా రాయండి: 30°, 150°, 390°, 510°. అన్నీ రాశాక సగం చేయండి: 15°, 75°, 195°, 255°. ముందే సగం చేసినవాళ్ళకి చివరి రెండూ దొరకవు.

పెరట్లో కొబ్బరిచెట్టు

ఇదంతా కాగితం మీది ఆటే అనుకుంటే, పెరట్లోకి రండి. మన ఒడిశాలోనే ఖండపడలో పుట్టిన సామంత చంద్రశేఖర్ (1835–1904), అందరూ పఠాణి సామంత అనే ఆయన, వెదురుతో, కర్రతో సొంతంగా చేసుకున్న పరికరాలతో ఆకాశాన్ని కొలిచాడు. ఆయన ‘మానయంత్రం’ ఇంగ్లీషు టీ (T) అక్షరం ఆకారంలో ఉండే కర్ర, దాని లోపల ఉన్నది టాన్ లెక్కే. మనం ఇంకా చవకగా చేద్దాం.

కోణమాని నేరు అంచుకి ఒక స్ట్రా అంటించండి. కేంద్రంలోని చిల్లుకి దారం కట్టి, కింద చిన్న బోల్టు వేలాడదీయండి. స్ట్రాలోంచి చెట్టు మొవ్వు కనిపించేలా పట్టుకుంటే దారం ఒక గీత మీద ఆగుతుంది. 90 లోంచి దాన్ని తీసేస్తే ఊర్ధ్వకోణం. గాలి లేని వేళ చేయండి, ఇంకొకరు గీత చదవాలి.

చెట్టు మొదలు దాకా టేపు పరవడానికి మా పెరట్లో కుదరదు, మధ్యలో నుయ్యి. అలాంటప్పుడే రెండు కోణాలు కావాలి. వెనక్కి జరుగుతూ కోణం 60° వచ్చిన చోట ఒక రాయి, అదే వరసలో ఇంకా వెనక్కెళ్ళి 30° వచ్చిన చోట ఇంకో రాయి పెట్టించాను. రాళ్ళ మధ్య దూరం 14 మీటర్లు. దగ్గరి రాయి నుంచి చెట్టుకి దూరం ‘య’, కంటి మట్టం నుంచి మొవ్వు ఎత్తు ‘ఎ’ అనుకుంటే:

టాన్ 60° = ఎ/య, అంటే ఎ = √3 య
టాన్ 30° = ఎ/(య + 14), అంటే √3 ఎ = య + 14

మొదటిదాన్ని రెండోదాంట్లో పెడితే 3య = య + 14. య = 7. సైన్, టాన్‌ల గోలంతా పోయి, ఆరో తరగతి లెక్క మిగిలింది. ఎ = 7 × 1.732, సుమారు 12.1 మీటర్లు. చూసిన పిల్లవాడి కంటి ఎత్తు 1.3 మీటర్లు కలిపితే 13.4.

మర్నాడు దింపుకి మనిషి వచ్చాడు. కాయలు దింపాక మొవ్వు దగ్గర్నుంచి తాడు వదలమన్నాం. నేల తాకిన చోట ముడేసి టేపుతో కొలిస్తే 12.9. అర మీటరు తేడా. పిల్లలు నా మొహం చూశారు. లెక్క మళ్ళీ చూశాం, అందులో తప్పు లేదు. దూరపు రాయి దగ్గర కోణం ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఎత్తు ముప్పావు మీటరు దాకా మారుతుందని వేసి చూపించాను. ఇద్దరు పరుగున వెళ్ళి ఆ రాయి మీద నిలబడి మళ్ళీ స్ట్రాలోంచి చూశారు. దారం 60 గీత మీద లేదు. 60కీ 61కీ మధ్యన ఉంది.